సెలైన్ రక్తం కాదు

2005 అక్టోబరు 29, దీపావళికి మూడు రోజుల ముందు. ఆ సాయంత్రం ఢిల్లీలో మూడు చోట్ల బాంబులు పేలి 60 మందికి పైగా చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. పండగ బేరాలతో కిక్కిరిసిన సరోజినీ నగర్ మార్కెట్‌లోనే ప్రాణనష్టం ఎక్కువ. గాయపడినవాళ్లను దగ్గర్లోని సఫ్దర్‌జంగ్, ఎయిమ్స్ ఆసుపత్రులకు తరలించారు.

ఇలాంటి ఘటనల్లో రక్తస్రావం వైద్యుణ్ణి కూడా మోసం చేయగలదు. 60 కిలోల మనిషిలో సుమారు 4.2 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే అర లీటరుకు కొంచెం పైన పోయినా పైకి పెద్దగా తెలియదు. ఇంకా పోతుంటే గుండె వేగం పెరుగుతుంది. చర్మానికీ పేగులకూ వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తాయి. చేతులు చల్లబడి చెమట పట్టేది అందుకే. దాదాపు 30 శాతం పోయేదాకా బీపీ మామూలుగానే కనిపించవచ్చు, ముఖ్యంగా కుర్రవాళ్లలో. అందుకే బీపీ అంకె ఒక్కటే చూసి ఊరట చెందకూడదు. నాడి వేగం, చర్మం చల్లదనం, పై బీపీకీ కింది బీపీకీ మధ్య తగ్గిపోతున్న తేడా ముందే హెచ్చరిస్తాయి.

“ముందు సెలైన్ పెట్టండి డాక్టరుగారూ” అని బంధువులు ప్రాధేయపడతారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణం పోస్తుంది. రక్తం పోతున్నవారి సంగతి వేరు. ఉప్పునీరు ఆక్సిజన్‌ను మోయలేదు. ఎక్కించిన లీటరులో గంట తర్వాత నాళాల్లో మిగిలేది ఇంచుమించు పావు వంతే, తక్కినది కణజాలంలోకి ఊరిపోతుంది. బాటిళ్లు ఎక్కేకొద్దీ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు పలచబడతాయి, ఒళ్లు చల్లబడుతుంది, పెరిగిన ఒత్తిడికి అప్పుడే కట్టిన గడ్డ కూడా ఊడిపోవచ్చు.

ఛాతీ, కడుపు భాగాల్లో తూటా, కత్తి గాయాలైన 598 మందిపై అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగిన అధ్యయనం 1994లో వెలువడింది. ఆపరేషన్ దాకా సెలైన్ లాంటి ద్రవం ఆపినవారిలో 70 శాతం బతికారు. వెంటనే ఎక్కించినవారిలో 62 శాతమే. అందుకే ఇప్పుడు పై బీపీ 80–90 దగ్గర నిలిచేంత ద్రవమే ఇస్తూ, రక్తస్రావం ఆపడానికే తొందరపడతారు. తలకు గాయమైతే మాత్రం ఈ లెక్క పనికిరాదు, మెదడుకు ఒత్తిడి తగ్గకూడదు. పోయిన రక్తానికి బదులు ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కలిపి ఎక్కిస్తారు.

గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం చవకైన మందు. భారత్ సహా 40 దేశాల్లో 20 వేలకు పైగా క్షతగాత్రులపై పరీక్షించి, అది మరణాలను తగ్గిస్తుందని 2010లో తేల్చారు. గాయమైన 3 గంటల్లోపు ఇస్తేనే మేలు, ఆ తర్వాత హాని కూడా జరగవచ్చు. ఆసుపత్రికి చేరేలోపు పక్కనున్నవాళ్లు శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. ఈ మందుకు గడువు ఉంది కాబట్టి, ఆసుపత్రిలో దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో తప్పక చెప్పాలి.