సామల్పట్టి శిల: కడలి బిడ్డయా, భూగర్భ సంతానమా?

పోచంపల్లి చేరువనున్న సామల్పట్టి ప్రాంతమున సున్నపురాతిని పోలిన శిల కలదు. ఇది సముద్రపుటడుగున పేరుకొన్నదా, భూగర్భపు శిలాద్రవము గట్టిపడినదా? కంటిచూపు తేల్చజాలదు, పరమాణువుల బరువు కొంత చెప్పగలదు.

కార్బనుకు 12, 13 ద్రవ్యరాశులు గల రెండు స్థిర ఐసోటోపులు కలవు. రెండవది నూటికి ఇంచుమించు ఒకపాలే. రాతిపొడిపై గాఢ ఫాస్ఫారికామ్లము పోసి, వెలువడిన బొగ్గుపులుసు వాయువును మాస్ స్పెక్ట్రోమీటరులోనికి పంపుదురు. అందలి అయస్కాంతము 44, 45, 46 ద్రవ్యరాశుల అయానులను విడదీయును. నమూనాను, ప్రమాణ వాయువును మార్చిమార్చి కొలుచుటయే ఇందలి కీలకము. లేనిచో యంత్రదోషమే శిలాగుణమై తోచును.

సముద్రజీవి శిలాజమొకటి ప్రమాణము; దాని విలువ సున్న. సముద్రపు సున్నపురాయి సాధారణముగ దాని చెంతనే నిలుచును. భూగర్భ కార్బను వేయింటికి సుమారు 5 పాళ్లు తక్కువ చూపును. సేవత్తూరు కార్బొనటైటు ఈ రెండవ తరగతిది. సామల్పట్టి శిలలు కొన్ని మాత్రము బరువైన ఆక్సిజనును చూపినవి. పిమ్మట చొరబడిన ద్రవములు తొలిముద్రను మార్చినట్లున్నవి.