మంచుసీమలో చమురు సిరి - అలాస్కా ప్రజల వాటా

భూగర్భమున సిరి యున్నంత మాత్రమున పైన నివసించువారు సిరిమంతులగుదురని చెప్పుటకు వీలులేదు. బొగ్గు గాని, ఇనుము గాని, చమురు గాని బయలుపడిన చోట్ల సరుకు దూరదేశములకు పోవును. లాభము పెద్ద పట్టణములకు చేరును. గోతులును దుమ్మును మాత్రమే ఆ యూరివారికి మిగులుట అనేక దేశములలో జరిగిన కథ. ఉత్తర అమెరికా ఖండపు వాయవ్య మూలనున్న అలాస్కాలో ఈ కథను కొంతవరకైనను మార్పవలెనని ప్రజలు ప్రయత్నించిరి. అందు ఎంత ఫలించినదో, ఎంత ఫలింపలేదో గ్రామములలోని మన పాఠకులకు తెలియజేయుట మంచిదని తలచుచున్నాము.

అమెరికా ప్రభుత్వము ఈ భూమిని 1867లో రష్యా వద్ద 72 లక్షల డాలర్లకు కొనెను. 1959లో ఇది 49వ రాష్ట్రమైనది. దీని వైశాల్యము మన భారతదేశ వైశాల్యములో సగమునకు మించియున్నను, 2020 జనాభా లెక్కలలో తేలిన జనసంఖ్య 7,33,391 మాత్రమే. ఒక్క విశాఖపట్టణములో నివసించువారిలో సగమైనను లేరు! ఇంత తక్కువమంది పన్నులతో ఇంత పెద్ద రాష్ట్రము నడువజాలదని గ్రహించి, 10 కోట్ల ఎకరములకు పైగా భూమిని తానే ఎంచుకొను హక్కును కేంద్ర ప్రభుత్వము క్రొత్త రాష్ట్రమునకిచ్చెను. 1964లో రాష్ట్రము ఎంచుకొన్న భూములలో ఉత్తర సముద్రతీరమునందలి ప్రూడో బే ప్రాంతము ఒకటి. చెట్టు మొలవని ఆ మంచునేలలో 1968లో చమురు బయలుపడినది. ఉత్తర అమెరికాలో అంతవరకు కనుగొన్న చమురు క్షేత్రములలో అదియే పెద్దది. భూమి రాష్ట్రమునది గనుక, తీసిన ప్రతి పీపాపైనను రాయల్టీ రాష్ట్రమునకే చెందినది. తరువాతి కథకంతకును మూలము ఈ యాజమాన్యమే.

చమురును ఓడలకు చేర్చుట సులభము కాలేదు. ఉత్తర సముద్రము చాలకాలము గడ్డకట్టి యుండును. అందుచేత దక్షిణమున మంచు గట్టని వాల్డీజ్ రేవు వరకు 800 మైళ్ళ గొట్టపు మార్గము వేసిరి. భూమినుండి వచ్చు చమురు వేడిగా నుండును. కాని అక్కడి నేల ఏండ్ల తరబడి గడ్డకట్టియే యుండును. వేడి గొట్టమును అందులో పూడ్చినచో నేల కరగి, గొట్టము క్రుంగి విరిగిపోవును. కావున సగమునకు పైగా దూరము దానిని స్తంభములపై ఎత్తి నిలిపిరి. 1977 జూన్‌లో చమురు ప్రవహింపసాగెను.

అంతకుముందే, 1969లో, చమురు భూముల కౌలు వేలములో రాష్ట్రమునకు 90 కోట్ల డాలర్లు ఒక్కమారుగా వచ్చినవి. ఆ ధనము కొలది సంవత్సరములలోనే ఖర్చయిపోయెను. బడులు, రోడ్లు మొదలగు మంచి పనులే జరిగినను, అంత ధనము ఏమైనదని జనులు అడుగజొచ్చిరి. చమురు తరుగునదే గాని పెరుగునది కాదు. తరువాతి తరమునకు ఏమి మిగులును? ఈ ప్రశ్నకు సమాధానముగా 1976లో ప్రజలు ఓటు వేసి రాజ్యాంగమును సవరించిరి. ఖనిజ రాయల్టీలలో కనీసము నాలుగవ వంతు శాశ్వత నిధిలో జమకావలెను, అసలును ముట్టరాదు, దానిపై వచ్చు ఆదాయమునే వాడుకొనవలెను. మొదటి జమ 7,34,000 డాలర్లు. నేడు ఆ నిధి 8,000 కోట్ల డాలర్ల పరిమాణమునకు పెరిగినది.

ఆనాటి గవర్నరు జే హామండ్ పూర్వము చేపలు పట్టి జీవించినవాడు. ప్రతి మనిషికిని నిధిలో కొంత వాటా ముట్టినచో, రాజకీయ నాయకులు దానిని కాజేయకుండ ప్రజలే కాపలా కాయుదురని ఆయన ఆలోచన. రాష్ట్రములో నివసించిన సంవత్సరములనుబట్టి వాటా హెచ్చించుచు చేసిన మొదటి చట్టమును అమెరికా సుప్రీం కోర్టు 1982లో కొట్టివేసెను. అటుపై పసిబిడ్డ మొదలు వృద్ధుని వరకు అందరికిని సమముగా ఆ సంవత్సరమే 1,000 డాలర్లు పంచిరి. 2022లో తలకు 3,284 డాలర్లు వచ్చినవి. అనగా ఐదుగురున్న కుటుంబమునకు 16,420 డాలర్లు. ఊరక వచ్చు ధనము మనుష్యులను సోమరులను చేయునని కొందరు భయపడిరి గాని, ఆర్థికశాస్త్రజ్ఞుల పరిశీలనలో మొత్తముపై ఉద్యోగములు తగ్గినట్లు కనబడలేదు. గ్రామములలోని ఆదివాసులలో పేదరికము కొంత తగ్గినదనియు తేలినది.

అయినను ఆ గ్రామములలోని జీవనమును చూచినచో ధనమునకు గల హద్దులు తెలియును. అనేక గ్రామములకు బయటి లోకముతో రోడ్డు సంబంధము లేదు. వేసవిలో పడవ, తక్కిన కాలములో చిన్న విమానము. పడమటి భాగమునందలి బెతెల్ పట్టణము సమీపమున శీతకాలములో గడ్డకట్టిన కుస్కోక్విమ్ నదియే బండ్లబాట. విద్యుచ్ఛక్తికి డీజిలు వేసవిలోనే పడవలపై వచ్చి నిలువ చేరవలెను. అందువలన కరెంటు ధర పట్టణములకంటె ఎన్నోరెట్లుండును. కొంత భారము రాష్ట్రము భరించుచున్నది. చమురు పుట్టిన రాష్ట్రములోనే చమురింత ప్రియమగుట విడ్డూరమే. గడ్డకట్టిన నేలలో నీటిగొట్టములు వేయుట కష్టము గనుక, ఇప్పటికిని కొన్ని యూళ్ళలో ఇంటికి కొళాయి లేదు. మరుగుదొడ్డి బకెట్టును చేతులతో మోసికొనిపోవలసియున్నది. తలకు పంచిన డాలర్లు ఒక్కొక్క ఇంటికి చేరినను, అందరు కలసి వేసికొనవలసిన నీటిగొట్టము వానివలన దానంతటది రాలేదు.

ఆదివాసుల భూమిహక్కులను గూర్చి 1971లో వేరొక చట్టము వచ్చినది. వారికి 4 కోట్ల 40 లక్షల ఎకరములును, 96 కోట్ల 25 లక్షల డాలర్లును దక్కినవి. వానిని తెగల పేర కాక, 12 ప్రాంతీయ కంపెనీల పేరను, అనేక గ్రామ కంపెనీల పేరను ఉంచి, ఆదివాసులను వాటాదారులను చేసిరి. వాయవ్యమున నానా అను కంపెనీ భూమిలోని రెడ్ డాగ్ తుత్తునాగపు గని 1989 నుండి పనిచేయుచున్నది. ఉద్యోగములలో వాటాదారులకు ప్రాధాన్యము కలదు. కంపెనీకి వచ్చు గని రాబడిలో నూటికి 70 వంతులు ఇతర ప్రాంతముల ఆదివాసులతో కలసి పంచుకొనవలెను. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. కాని విమానములో పోయి కొన్ని వారములు పనిచేసి తిరిగివచ్చు పద్ధతి గనుక, జీతము చేతికందిన కొందరు ఊరు విడిచి యాంకరేజ్ నగరమునకు కాపురము మార్చిరి. వేట, చేపలు ఆధారముగా గల ఇంటికి పడుచువారు లేని లోటును జీతము తీర్చదు. యూకాన్ నదిలో చినూక్ సాల్మన్ చేపలు క్షీణించినందున 2024లో ఏడేండ్లపాటు వాని వేటను నిలిపివేయుటతో ఆ నదిపై నాధారపడిన యూళ్ళకు ఇబ్బంది మరింత పెరిగినది.

1988లో దినమునకు 20 లక్షల పీపాల వరకు సాగిన చమురు నేడు 5 లక్షలకు లోపే యున్నది. 1980లో ఆదాయపు పన్నును తీసివేసిన రాష్ట్రమునకు చమురు తరిగినచో వేరే దారి తోచలేదు. 2016లో గవర్నరు ప్రజల వాటాను సుమారు సగమునకు తగ్గించెను. 2018 చట్టము వలన నిధి ఆదాయమే ప్రభుత్వ ఖర్చులకును ముఖ్యాధారమైనది. నాటినుండి ప్రతి వసంతమున శాసనసభలో ఒకటే తగవు. ఇంటింటికి హెచ్చు వాటా ఇచ్చినచో బడులకు తక్కువ. బడులకిచ్చినచో ఇండ్లకు తక్కువ. పదేండ్లకు పైగా ఈ రాష్ట్రమునకు వచ్చువారికంటె విడిచిపోవువారే హెచ్చుగా నున్నారు.

2025లో నిర్ణయించిన వాటా 1,000 డాలర్లు. వాటా సాధారణముగా అక్టోబరులో చేతికి వచ్చును. ఉత్తరపు నదులు గడ్డకట్ట నారంభించి, పడవల రాక నిలిచిపోవు దినములవి. గ్రామములలో అనేక కుటుంబములు ఆ డబ్బుతో ముందుగా చెల్లించునది శీతకాలపు డీజిలు వెల.