పాలు చేరని పుష్టికర శాకయూషము

సూపు అనగానే నేటి మధ్యతరగతి గృహములలో తలపునకు వచ్చునది హోటలులో ఇచ్చు తెల్లని చిక్కని పానీయము. లేదా అంగడిలో దొరకు పొడి పొట్లము. చిక్కదనము రావలెనన్న పాలో, మీగడో, వెన్నయో చేర్చక తప్పదని పలువురి అభిప్రాయము. అందుచేత పాలు సరిపడనివారు కొందరు సూపు తమకు తగదని విడిచిపెట్టుచున్నారు. మరికొందరు తెలియక త్రాగి బాధపడుచున్నారు. నిజమునకు పుష్టినిచ్చు శాకరసమునకు పాలతో పనియే లేదు. అంతేకాదు, అందులో వాడు ముఖ్యద్రవ్యములకు పాలు పొసగవని మన శాస్త్రమే చెప్పినది. ఆ విషయమును వివరించి, మన ఇంటి సరుకులతోనే అట్టి రసమును చేసుకొను విధానమును ఈ వ్యాసమున తెలుపుచున్నాను.

యూషమనగా నేమి?

పప్పుధాన్యములను, కూరలను నీటిలో ఉడికించి తీసిన రసమునకు ఆయుర్వేదమున యూషమని పేరు. మండము, పేయ, విలేపి, యూషము అను క్రమములో రోగి జఠరాగ్నిని మెల్లగా నిలబెట్టుట మన చికిత్సాసంప్రదాయము. ఒక పలము కల్కద్రవ్యమునకు కొద్దిగా శొంఠి, పిప్పలి చేర్చి, ఒక ప్రస్థము నీటితో, అనగా పదహారు రెట్ల నీటితో కాచవలెనని శార్ఙ్గధరుడు చెప్పెను. నూనె, ఉప్పు, కారపు ద్రవ్యములు లేక చేసినది అకృతయూషము. అవి చేర్చి చేసినది కృతయూషము. మొదటిది తేలిక, రెండవది దానికంటె గురువు. జ్వరము తగ్గినవానికి మొదటిది, ఆకలిగొన్న ఆరోగ్యవంతునకు రెండవది తగును.

మజ్జిగతో చేయుదానికి ఖడమనియు, పెరుగుమీది తేటతో చేయుదానికి కాంబలికమనియు ప్రాచీనులు వేరు పేర్లే పెట్టిరి. అనగా యూషమునకు పాడి అవసరము లేదని వారి లెక్క. శార్ఙ్గధరుడు చెప్పిన సప్తముష్టిక యూషమును చూడుడు: ఉలవలు, యవలు, రేగుపండ్లు, పెసలు, ఎండు ముల్లంగి, శొంఠి, ధనియాలు. ఈ ఏడింటిలో పాలచుక్క లేదు. ఆమవాతమునందు దీనిని పథ్యముగా ఇచ్చుట కలదు.

పాలతో పొత్తు కుదరని ద్రవ్యములు

చరకసంహిత సూత్రస్థానము 26వ అధ్యాయమున విరుద్ధాహారముల పట్టిక కలదు. పాలతో కలిపి తినరాని ధాన్యములలో ఉలవలు, మినుములు ఉన్నవి. ముల్లంగి, వెల్లుల్లి, మునగ తిన్నపిమ్మట పాలు త్రాగరాదని, త్రాగినచో చర్మవ్యాధులకు అవకాశమగునని అచ్చటనే చెప్పబడినది. పుల్లని పండ్లకు, పాలకు కూడ పొత్తు లేదు. మన శాకయూషములో పడునవి ఉలవ, మునగ, ముల్లంగి, వెల్లుల్లి, పుల్లని టమోటా. ఇక పాలు ఎచ్చట కలుపుదుము?

కృష్ణా, గుంటూరు ప్రాంతముల విందులలో ఉలవచారుపై మీగడ వేసి వడ్డించుట ప్రసిద్ధము. రుచిగా ఉండుననుటలో సందేహము లేదు. మంచి జీర్ణశక్తి, శారీరకశ్రమ గలవారికి ఎప్పుడో ఒకనాడు తినుట వలన తత్క్షణ హాని కనబడకపోవచ్చును. కాని మందాగ్ని గలవారు, చర్మవ్యాధులతో బాధపడువారు, పాలు సరిపడనివారు ఆ అలవాటును అనుసరింపరాదు.

సరిపడకపోవుట రెండు విధములు

ఈ భేదమును గృహిణులు తప్పక గ్రహింపవలెను. పాలలోని చక్కెరను జీర్ణింపజేయు పాచకరసము చిన్నప్రేగులో ఉండును. శైశవము దాటిన పిమ్మట పలువురిలో ఇది తగ్గిపోవును. జీర్ణముకాని ఆ చక్కెర పెద్దప్రేగునకు చేరి పులిసి, కడుపుబ్బరము, గుడగుడలు, విరేచనములు కలిగించును. ఇది అసహనము. ఇట్టివారిలో పలువురికి కొద్దిపాటి నెయ్యి బాధింపదు.

రెండవది పాలలోని మాంసకృత్తులు పడకపోవుట, అనగా అలర్జీ. ఇది ముఖ్యముగా పసిపిల్లలలో కనబడును. దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు, ఆయాసము రావచ్చును. వీరికి రవ్వంత పాలపొడియు, నేతి పోపు కూడ ప్రమాదము కావచ్చును. అట్టి బిడ్డ ఉన్న ఇంట గరిటె, గిన్నెలు కూడ వేరుగా ఉండుట మేలు. ఆయాసము కనబడినచో ఇంటి వైద్యము చేయుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఒక తల్లి తన ఎనిమిదేండ్ల కుమారుని నా వద్దకు తీసికొనివచ్చినది. పాలు పడవని తెలిసి ఇంట మాన్పించిరి. అయినను సాయంత్రము కాగానే కడుపుబ్బరము. ఆహారమంతయు విచారింపగా, బలమునకని రోజూ ఇచ్చు పొట్లపు సూపు బయటపడినది. పొట్లము వెనుక చదివి చూడగా పాలపొడి అని ముద్రించియే ఉన్నది. అది మాన్పి పెసరకట్టు ఇప్పించిన కొలదిదినములకే బాలుడు కుదుటపడెను. ముందువైపు కూరల బొమ్మ ఉన్నంతమాత్రమున లోపల కూరలే ఉండునని నమ్మరాదు. మన దేశమున 2020 నాటి ఆహారపు లేబులు నిబంధనల ప్రకారము పాలు, పాలపదార్థములు కలిసినచో ఆ మాట పొట్లముపై తెలుపవలెను. పాలపొడి, వే, కేసినేట్ అను మాటలకొరకు వెదకి చూడవలెను.

మెట్టసీమ వంటిల్లు

నెల్లూరు జిల్లాకు పడమట మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతము వెలిగొండల చేరువన ఉన్న మెట్ట. తూర్పున పెన్నా డెల్టాలో మొలగొలుకుల వరి పేరుపొందగా, ఇచ్చటి చేలు వానను నమ్ముకొని సజ్జ, జొన్న, కంది, ఉలవలతో బ్రదికినవి. ఎద్దులకు ఉలవలుడికించి పెట్టి, ఆ నీటిని ఇంటివారు చారుగా కాచుకొనుట మన పల్లెల పాత అలవాటు. ఆ ఉలవకట్టే చరకుడు చెప్పిన కులత్థయూషము. ఉలవ ఉష్ణవీర్యము, కఫవాతములను హరించును, దగ్గు, ఎక్కిళ్ళు, ఉబ్బసము, మూలవ్యాధులందు హితము. నూరు గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. పెరటి మునగ, సొరపాదు, గుమ్మడి దీనికి తోడైనచో సంపూర్ణమైన సాయంకాల భోజనమగును.

కావలసినవి (నలుగురికి)

ఉలవలు 100 గ్రాములు. సొరకాయ ముక్కలు 150 గ్రాములు, తీపి గుమ్మడి ముక్కలు 100 గ్రాములు. క్యారెట్ 1, లేత ముల్లంగి 1, మునక్కాయ 1, టమోటాలు 2, ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 4. మునగాకు గుప్పెడు. సజ్జపిండి లేక రాగిపిండి ఒక పెద్ద చెంచా. దోరగా వేయించిన నువ్వులు ఒక పెద్ద చెంచా. ధనియాలు, జీలకర్ర, మిరియాలు కలిపి కొట్టిన పొడి ఒక చిన్న చెంచా. శొంఠిపొడి పావు చెంచా, పసుపు చిటికెడు. నువ్వులనూనె రెండు చిన్న చెంచాలు. ఇంగువ, కరివేపాకు, ఉప్పు తగినంత.

తయారుచేయు విధానము

1. ఉలవలలో రాళ్ళు ఏరి, కడిగి, రాత్రి నానబెట్టవలెను. ఉదయమున ఆ నీటిని పారబోసి మరల కడుగవలెను. ఇట్లు చేసినచో వాయువు తక్కువగును.

2. శాస్త్రోక్తముగా పదహారు రెట్లు, అనగా 1600 మిల్లీలీటర్ల నీరు పోసి, సన్నని సెగపై ఒక లీటరు మిగులువరకు కాచవలెను. తీరిక లేనివారు కుక్కరులో లీటరుంబావు నీటితో ఎనిమిది పది కూతలు వచ్చువరకు ఉంచవచ్చును. గింజ వ్రేళ్ళ మధ్య మెత్తగా నలుగవలెను.

3. కట్టును వేరుగా వార్చుకొనవలెను. ఉడికిన ఉలవలలో రెండు గరిటెలు తీసి, నువ్వులతో కలిపి వెన్నవలె రుబ్బవలెను. మిగిలిన ఉలవలను గుగ్గిళ్ళుగా పోపు పెట్టుకొనవచ్చును.

4. మునక్కాయను ముక్కలుగా కోసి వేరుగా ఉడికించి, లోపలి గుజ్జును చెంచాతో గీరి తీయవలెను. పీచు పారవేయవలెను.

5. వార్చిన కట్టులో ఉల్లి, క్యారెట్, ముల్లంగి ముందుగా, ఐదు నిమిషముల తరువాత సొర, గుమ్మడి, టమోటా వేసి మూతపెట్టి ఉడికించవలెను. గుమ్మడి మెత్తబడిన పిమ్మట సగము ముక్కలను గరిటెతో మెదుపవలెను. మిగిలిన సగము నమలుటకు ఉండవలెను.

6. రుబ్బిన ముద్ద, మునక్కాయ గుజ్జు చేర్చవలెను. పిండిని చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి పోసి, అడుగంటకుండ ఏడెనిమిది నిమిషములు కలియబెట్టవలెను. దీనికి ఉదయగిరి కొయ్యగరిటె మిక్కిలి అనువు. ఆ ఊరి కొయ్య గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు లభించిన విషయము విదితమే.

7. సన్నగా తరిగిన మునగాకు, పసుపు, ఉప్పు, పొడులు వేసి ఐదు నిమిషములు ఉంచి దించవలెను. నువ్వులనూనెలో వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వేయించి పోపు పెట్టవలెను. నేతి పోపు వలదు.

చిక్కదనమునకు కారణమిది: పిండిపదార్థము వేడినీటిలో ఉబ్బి నీటిని పట్టియుంచును. నువ్వులలోని నూనె మీగడకు ఈడైన నునుపును, కమ్మదనమును ఇచ్చును. గుమ్మడి, మునగగుజ్జు నిండుదనము తెచ్చును. ఈ మూడును చేరినపుడు మీగడ లేని లోటు నాలుకకు తెలియదు. పిండి వేసిన వెంటనే దించినచో పచ్చివాసన మిగులును. రసము పలుచబడియే ఉండును.

నీటి విషయమున జాగ్రత్త

ఉదయగిరి పరిసరముల మెట్ట గ్రామములలో పలు బోరుబావుల నీట ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో లీటరునకు 1.0 మిల్లీగ్రాము వరకు మేలు. వేరు నీరు లేనిచోట 1.5 మించరాదని మన దేశపు ప్రమాణము. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై ఇగిరినకొలది మిగిలిన దానిలో పాలు హెచ్చును. కావున గంటసేపు కాచు ఇట్టి వంటకు బోరునీరు వాడరాదు. శుద్ధిచేసిన నీరే వాడవలెను. నీరు ఇగురని కుక్కరు పద్ధతి ఈ సీమలో మేలైనది.

ఋతువును, ప్రకృతిని బట్టి మార్పులు

పైన చెప్పిన ఉలవయూషము వర్ష, శీతకాలములకు, కఫవాత ప్రకృతులకు ఉచితము. మన మెట్టసీమ వేసవి తీక్ష్ణమైనది. అప్పుడు ఉలవలు మాని పెసలు వాడవలెను. పప్పుధాన్యములలో పెసలు శ్రేష్ఠమని చరకుని మాట. పెసలు, సొరకాయ, క్యారెట్, ధనియాలు, జీలకర్రతో చేసి, మిరియాలు, వెల్లుల్లి తగ్గించి, ముల్లంగి మానినచో పిత్తప్రకృతికి కూడ సరిపోవును. జ్వరము తగ్గి లేచినవారికి, వృద్ధులకు పెసరయూషమును పలుచగా, పోపు లేక, గోరువెచ్చగా ఇవ్వవలెను.

ఒక్కొక్కరికి ఒక పెద్ద గిన్నెడు, ప్రొద్దు క్రుంకు వేళ, సజ్జరొట్టెతోగాని జొన్నరొట్టెతోగాని తీసికొనవలెను. ఇంటిలో పాలు పడువారు కూడ ఆ రాత్రి పాలు మానుట మంచిది. మిగిలిన దానిని మరునాడు తిరిగి కాచి త్రాగు అలవాటు వలదు. ఏ పూటకు ఆ పూట చేసికొనవలెను.

ఎవరు జాగ్రత్త వహింపవలెను?

ఆమ్లపిత్తము, కడుపులో పుండు, రక్తస్రావముతో కూడిన మూలవ్యాధి ఉన్నవారు, గర్భిణులు ఉలవలను వైద్యుని అడుగకుండ వాడరాదు. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి పప్పు, ఆకుకూర, టమోటాల పరిమితిని వారి వైద్యుడు నిర్ణయింపవలెను. రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించి నిమ్మరసము పిండుకొనవచ్చును. అశ్మరికి ఉలవకట్టు పథ్యమని ప్రసిద్ధి కలదు. కాని నొప్పి, జ్వరము, మూత్రములో రక్తము కనబడినపుడు పథ్యమునే చికిత్సగా భావింపరాదు. నువ్వులు పడనివారు వానిని విడువవలెను.

పాలు మానినవారికి లోటు రాకుండుటకు

పాలు మానినవారు సున్నపు ధాతువు విషయమును మరువరాదు. ఆవుపాలు 100 గ్రాములలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, రాగులలో 340కి పైగా కలదు. నువ్వులలో, మునగాకులో కూడ సమృద్ధిగా కలదు. అందువలననే ఈ యూషములో ఆ మూడింటికి స్థానము కల్పించితిని. సజ్జ, రాగులలో ఏది వేయవలెనని సందేహము కలిగినచో పాలు మానినవారు రాగినే ఎన్నుకొనవలెను.

అయితే బి12 విటమిను ఏ కూరలోను, పప్పులోను లభింపదు. మాంసము, గ్రుడ్లు, పాలు మూడును ముట్టనివారు రక్తపరీక్ష చేయించుకొని వైద్యుని సలహాపై దానిని వేరుగా తీసికొనవలెను. ఏడాది నిండని శిశువునకు తల్లిపాలకు బదులుగా ఏ యూషమును ఇవ్వరాదు. పాలు పడని పసివాని విషయము పిల్లల వైద్యునికే విడువవలెను.

ఇక పెద్దలకు, ఎదిగిన పిల్లలకు వారమునకు రెండు మూడు సాయంకాలములు ఈ యూషము చాలును. తొలిసారి అరగిన్నెతో ఆరంభించి, కడుపు తేలికగా ఉన్నదా, రాత్రి నిద్ర పట్టినదా, ఉదయము ఆకలి వేసినదా అని గమనింపవలెను. మూడింటికిని అవునన్న సమాధానము వచ్చినచో మీ జఠరాగ్ని దానిని అంగీకరించినదని గ్రహించి, నిండు గిన్నె తీసికొనుడు.