అంకెల్ని పాటగా మార్చే చిప్పు

ఫోన్‌లో బతుకమ్మ పాట ఉండేది అంకెల రూపంలో. సీడీ నాణ్యతైతే ఒక్కో చెవికి సెకనుకు 44,100 అంకెలు. వాటిని మళ్లీ కరెంటు అలగా మార్చి ఆంప్లిఫయర్‌కు అందించే చిప్పు పేరు డాక్. అది వందల్లో దొరుకుతుంది, లక్షల్లోనూ దొరుకుతుంది. దౌల్తాబాద్‌లో డీజే డబ్బాలు అద్దెకిచ్చే కుర్రాడికైనా, హైదరాబాద్‌లో హైఫై పిచ్చి పట్టిన ఇంజినీరుకైనా సందేహం ఒకటే. ఆ తేడా చెవికి తెలుస్తుందా?

ఒకప్పుడు మంచి డాక్ చేయడమే గగనం. 16 బిట్ల చిప్పులో ఒక్కో బిట్‌కు ఒక్కో కరెంటు ఉండేది. అన్నిటికన్నా పెద్ద బిట్ కరెంటు 32,768 వంతుల్లో ఒక్క వంతు తప్పితే చాలు, చిన్న బిట్ విలువంత పొరపాటు దొర్లినట్టే. 1982 అక్టోబరులో సోనీ 1,68,000 యెన్లకు అమ్మిన సీడీపీ-101 సీడీ ప్లేయర్‌లో ఉన్నది ఒకే డాక్! ఎడమ చెవికోసారి, కుడి చెవికోసారి వంతులవారీగా పనిచేసేది. ఫిలిప్స్ చేతిలోనైతే 14 బిట్ల చిప్పే ఉంది. దాన్ని నాలుగు రెట్ల వేగంతో నడిపి, రొదను చెవికందని పౌనఃపున్యాలకు నెట్టి, 16 బిట్ల పని చేయించారు. గడుసువాళ్లే.

చిప్పును చవక చేసిన ఆలోచన ఇంకా పాతది. 1962లో జపాన్‌లో ఇనోసె, యసుదా వివరించిన డెల్టా-సిగ్మా పద్ధతి అది. మెట్లు కొన్నే ఉంచి, వాటిని సెకనుకు లక్షలసార్లు మార్చడం దాని కిటుకు. దీనికి అంత కచ్చితమైన కరెంట్లు అక్కర్లేదు, వేగం చాలు. వేగం సిలికాన్‌కు చవక. ఇప్పుడు ఫోన్లలోనూ, ఖరీదైన పెట్టెల్లో చాలావాటిలోనూ ఉన్నది ఈ జాతి చిప్పే. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఓకాలో డాక్ చిప్పులు చేసే అసహి కసెయ్ ఫ్యాక్టరీ తగలబడితే, చవక డాక్‌ల వాళ్లూ ఖరీదు డాక్‌ల వాళ్లూ కలిసే చిక్కుల్లో పడ్డారు.

మరి చెవి ఏమంది? 2007లో అమెరికాలో మేయర్, మోరన్ తమ పరీక్ష ఫలితాలు ప్రచురించారు. మేలురకం రికార్డింగును నేరుగా ఒకసారి, సీడీ స్థాయి అంకెల్లోకి దించి డాక్‌తో మళ్లీ ధ్వనిగా మార్చి ఒకసారి వినిపించారు. ఏది ఏదో చెప్పకుండా, శబ్దం స్థాయి సరిసమానం చేసి మరీ. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. వాల్యూమ్ బాగా పెంచి, నిశ్శబ్దపు చోట్ల చెవి రిక్కిస్తేనే సన్నటి రొద దొరికింది. శబ్దం స్థాయిని ఇలా సమానం చేయడమే కీలకం. రెండింటిలో ఒకటి కాస్త గట్టిగా మోగినా, అదే బాగుందంటుంది చెవి.

ఆరుబయట బతుకమ్మ చప్పట్ల మధ్య ఆ సన్నటి రొద ఎవరికి వినబడాలి? అక్కడ పాటను పాడుచేసేది వేరే. ల్యాప్‌టాప్‌కు చార్జర్ గుచ్చగానే డబ్బాల్లోంచి వచ్చే గుయ్‌మనే మోత చాలాసార్లు రెండు ఎర్త్ దారుల మధ్య తిరిగే 50 హెర్ట్జ్ కరెంటుది. చార్జర్ తీస్తే అది ఆగిపోతుంది. మోత ఆపడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం షాక్‌తో చెలగాటం. ఆడియో తీగ మధ్యలో చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది. మిగిలిన డబ్బు పెట్టాల్సింది స్పీకర్ల మీద.