తూటాయు దాని యిల్లును

బండిచక్రమునకు ఇనుపకట్టు వేయించిన పెద్దలకు ఈ సంగతి తెలిసినదే. కట్టు చక్రముకంటె కొంచెము చిన్నదిగా నుండవలెను. కమ్మరి దానిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగియున్నప్పుడు చక్రమునకు తొడిగి, నీళ్లు పోసి బిగించును. కట్టు మరీ చిన్నదైనచో ఆ బిగువునకు ఆకులు వంగును. చాలినంత చిన్నది కానిచో వేసవిలో దారి నడుమ ఊడిపోవును. అందుచేత కమ్మరి ముందుగానే చక్రపు చుట్టుకొలత తీసికొని ఇనుమును ఆ లెక్కకు కత్తిరించును. మంటలో పెట్టిన పిమ్మట కొలుచు కమ్మరి యెందును లేడు.

తూటా విషయమును ఇట్టిదే. తూటా యను మాటను మనము రెండు వస్తువులకు వాడుచున్నాము. తుపాకిలో పెట్టునది ఒకటి. గోదావరిఖని, రామగుండము ప్రాంతమున బొగ్గుబాయిలో దిగువారు బొగ్గును పగులగొట్టుటకై రంధ్రములో పెట్టునది మరియొకటి. రూపమును పనియు వేరైనను రెండింటికిని ఒక సామ్యము కలదు. మందు ఒక గొట్టములో నుండును. ఆ గొట్టము ఒక గదిలో నుండును. మందు మండినప్పుడు పుట్టిన బలమునకు దారి చూపునది ఆ గది గోడలే. గొట్టమునకును గదికిని పొత్తు కుదరనిచో ఆ బలము తనకిష్టమైన దారిని తాను చూచుకొనును. ఈ పొత్తును ముందుగా పరీక్షించు విధమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పెదను.

మొదట తుపాకి తూటాను తీసికొందము. అమెరికా, ఐరోపా దేశములలో గురికాండ్రు పలువురు పేలిన తూటాల ఇత్తడి డొప్పలను పారవేయరు. క్రొత్త టోపీ బిగించి, మందు పోసి, గుండు కూర్చి మరల వాడుదురు. ఏలయనగా తూటాలో ఎక్కువ వెలగలది ఇత్తడి డొప్పయే. అయితే ఒకసారి పేలిన డొప్ప మునుపటి డొప్ప కాదు. మందు మండినప్పుడు అది ఉబ్బి తుపాకి గది గోడలకు అంటుకొనును. తరువాత కొంచెము ముడుచుకొనునే గాని తొలి కొలతకు రాదు. కావున దానిని నూనె రాచి ఉక్కు అచ్చులో నొక్కి మరల చిన్నది చేయవలెను. ఎంత చిన్నది చేసిరన్నదే ప్రశ్న.

తక్కువ నొక్కినచో తూటా గదిలో పూర్తిగా దిగదు, తుపాకి బోల్టు మూసికొనదు. ఇది కనబడు దోషము, గనుక కొంత మేలు. ఎక్కువ నొక్కినచో తూటా సులువుగా దిగును, బోల్టును చక్కగా మూసికొనును. కాల్చువాడు సంతోషించును. కాని తూటా వెనుకభాగమునకును బోల్టు ముఖమునకును నడుమ ఖాళీ మిగులును. పేలినప్పుడు డొప్ప ముందుభాగము గోడలకు పట్టుకొనియుండగా, వెనుకభాగము ఆ ఖాళీని పూడ్చుటకై వెనుకకు సాగును. అడుగుకు కొంచెము పైన ఇత్తడి ఉంగరమువలె పలుచనగును. అదే డొప్పను పలుమారులు ఇట్లు చేసినచో ఒకనాడు ఆ పలుచని చోటనే రెండు తునకలగును. మండుచున్న వాయువు కాల్చువాని ముఖము వంకకు రాగలదు.

ఈ రెండు దోషములను కన్ను కనిపెట్టలేదు. భేదము అంగుళములో కొద్ది వెయ్యవవంతులు మాత్రమే. మన తలవెంట్రుక మందము మూడు వెయ్యవవంతుల ప్రాంతమున నుండును. ఆ మాత్రపు తేడాకు సాధనము గేజి. అది చేతిలో నిమిడెడు ఉక్కు ముద్ద. దాని నడుమ తుపాకి గది ఆకారమునకు సరిపోవు రంధ్రము తొలచియుందురు. పైముఖమున ఒక చిన్న మెట్టు కోయుదురు. డొప్పను అందులో జారవిడిచి, దాని అడుగు ఎచ్చట నిలిచినదో చూతురు. అడుగు పైమెట్టుకంటె ఎత్తున నున్నచో డొప్ప పొడుగు. క్రిందిమెట్టుకంటె లోతునకు పోయినచో పొట్టి. రెండింటి నడుమ నిలిచినదే చెల్లుబాటు. వ్రేలిగోటితో తడవి చూచినను తెలియును. మెడ ఎక్కువ సాగినదేమో చూచుటకు రెండవ కొనయందును ఇట్టి మెట్టే యుండును.

దీనిలో నాకు మిక్కిలి నచ్చిన విషయమొకటి కలదు. ఈ సాధనము అంకె చెప్పదు. సరియా, కాదా అని మాత్రమే చెప్పును. అంకె చెప్పినచో మనుష్యుడు దానితో బేరమాడును, ఇంచుమించు సరిపోయెనను. మెట్టుతో బేరము లేదు.

గేజి చెప్పలేనివియు కలవు. మందు ఎంత పోసిరో అది ఎరుగదు. ఇత్తడిలో సన్నని పగులున్నను కొన్నిసార్లు డొప్ప చక్కగానే దిగును. అడుగున అంచుగల తూటాలు, అనగా పూర్వము సిపాయిలు వాడిన 303 తూటా, పన్నెండు బోరు తూటా వంటివి, తుపాకిలో నిలుచునది ఆ అంచుమీదనే. వాటికి డొప్ప ఒడలి కొలత సరిపోయినను అంచు మందమును వేరుగా చూడవలసియుండును.

పన్నెండు బోరు ప్రస్తావన వచ్చినది గనుక లైసెన్సు తుపాకి గల పెద్దలకు ఒక హెచ్చరిక. బోరు అంకె పెరిగినకొలది గొట్టము సన్నగిల్లును. ఒక పౌను సీసమును సమానమైన పన్నెండు గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టు గొట్టము పన్నెండు బోరు. ఇరువది గుండ్లు పోసినచో ఇరువది బోరు. ఇరువది బోరు తూటా పొరపాటున పన్నెండు బోరు తుపాకిలో పడినచో అడ్డు లేక ముందుకు జారి, గొట్టపు మొదటనే చిక్కుకొని కనబడకుండును. తుపాకి ఖాళీయని తలచి వెనుక మరియొక తూటా పెట్టి కాల్చినచో గొట్టమే పగులును. ఈ కీడు నెరిగియే ఇరువది బోరు తూటాలను పసుపురంగున చేయుట ఆచారమైనది. సులువుగా దిగుట సరిపోవుటకు సాక్ష్యము కాదు. మన దేశమున లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము నేరమని కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక బొగ్గుబాయికి దిగుదము. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలాయెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. గోదావరి దక్షిణపు ఒడ్డున గోదావరిఖని పట్టణమై పెరిగినది 1960 దాటిన తరువాతనే. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చుచున్నది. అచట పెద్ద రంధ్రములలో మందును ముద్దగా లారీనుండియే పోయుదురు గనుక మన ప్రశ్న అచటికి అంతగా చెందదు. భూగర్భమున, గాలిలో మండెడు వాయువు కలియు చోట, తూటాతో బొగ్గు రాల్చు పని వేరు.

ఆ తూటా సామాన్యముగా 32 మిల్లీమీటర్ల వ్యాసము, జానెడుకు కొంచెము తక్కువ పొడవు గల మందు కడ్డీ. డ్రిల్లుతో బొగ్గు గోడలో రంధ్రము చేసి, తూటాలను ఒకదాని వెనుక నొకటి పెట్టుదురు. వాటిలో ఒకదానికి డిటొనేటరు అమర్చుదురు. అది పేలగా ప్రక్క తూటా, దానివలన ఆ ప్రక్కది, ఇట్లు క్షణములో వేయవ వంతు పట్టకుండ అన్నియు పేలవలెను. బొగ్గు గనులకు అనుమతించిన మందులో మంట చల్లబడుటకై ఉప్పువంటి లవణమును కలుపుదురు. దానివలన వాయువు అంటుకొను భయము తగ్గును. కాని ఆ మందు కొంచెము మందబుద్ధి. తూటాకును తూటాకును నడుమ ఖాళీయో, బొగ్గుపొడియో యున్నచో ముందుది పేలి వెనుకది ఊరకుండవచ్చును.

రంధ్రము ఇరుకైనచో జరుగునది ఇదియే. మొదటి తూటా అడుగునకు చేరును, రెండవది నడుమ చిక్కుకొనును. అందుకే గనుల నిబంధన ఒకటి, తూటా వ్యాసముకంటె కనీసము 3 మిల్లీమీటర్లు అధికముగా రంధ్రము చేయని డ్రిల్లును వాడరాదని చెప్పును. 32 మిల్లీమీటర్ల తూటాకు 35కు తగ్గరాదన్నమాట. డ్రిల్లు మొనకు రెక్కలుండును. రాతిపొర తగిలినకొలది అవి అరుగును. ఉదయము సరియైన మొన సాయంకాలమునకు సన్నగిల్లి యుండవచ్చును, చూచువానికి మాత్రము అదే మొన. తగిన కొలతగల ఒక ఇనుప వలయములో దానిని పెట్టి చూచిన చాలును. తుపాకి డొప్ప గేజివలెనే అదియు రెండే మాటలు చెప్పును. అరిగిన మొన వలయములో గలగలలాడుచు దూరిపోవును, దానిని ప్రక్కకు పెట్టవలెను.

అట్లని రంధ్రము మిక్కిలి వెడల్పైనను కీడే. తూటా చుట్టును ఎక్కువ ఖాళీ యున్నచో పేలుడు తాకిడి ఆ ఖాళీలోని గాలిద్వారా మందుకంటె ముందుగా పరుగెత్తి, ఇంకను పేలని తూటాలను నలుదెసల నుండి నొక్కివేయును. అట్లు నొక్కుడువడిన మందు గట్టిపడి పేలుటకు నిరాకరించును. ఇరుకైనను పేలని మందు మిగులును, వెడల్పైనను పేలని మందు మిగులును. తుపాకి డొప్ప పొడుగైనను పొట్టియైనను చెల్లనట్లే ఇదియు.

చిక్కుకొన్న తూటాను ఏమి చేయవలెను? ఇచటనే మనుష్యుని తొందర పని చేయును. గట్టిగా నెట్టుదము, పై కాగితము చింపి దూర్చుదము అను ఆలోచన వచ్చును. చాలని రంధ్రములో మందును బలవంతముగా నొక్కరాదని నిబంధన కలదు. మందు నెట్టు కర్ర కర్రదిగానే యుండవలెను, ఇనుపది పనికిరాదు. రంధ్రమును వెడల్పు చేయుదమన్న ఆలోచన మందు పెట్టకముందే రావలెను. అందుచేత షాట్‌ఫైరరు తూటాను తాకకముందు, అంత మందముగల కర్రను రంధ్రపు అడుగువరకు పోనిచ్చి చూచుట మేలు. కర్ర ఆగిన చోటనే తూటాయు ఆగును.

రంధ్రమును చూచుట అంతటితో తీరదు. లోపలి బొగ్గుపొడిని పూర్తిగా గీకి తీయవలెను. కొన వంచిన సన్నని ఇత్తడి కడ్డీతో గోడలను తడవుచు పగులు తగులునేమో చూడవలెను. పగులున్న రంధ్రములో మందు పెట్టరాదు. ఏలయనగా పేలుడు మంట ఆ పగులుగుండ వాయువున్న చోటికి చేరగలదు. యంత్రముతో క్రింద కోసిన బొగ్గైనచో రంధ్రము కోతకంటె కనీసము 15 సెంటీమీటర్లు తక్కువ లోతున ఆగవలెను. చివరకు తడిమట్టియు ఇసుకయు కలిపిన ముద్దలతో నోరు గట్టిగా కూరవలెను. చేతికందినది గదా యని బొగ్గుపొడితో కూరుట ప్రాణాంతకము. మూత బలహీనమైనచో మంట తుపాకి గుండువలె వెలుపలికి చిమ్మును. గాలిలో నూటికి 5 మొదలు 15 వంతుల వరకు మీథేను వాయువున్న చోట ఆ మంట ఒక్కటి చాలును.

ఇన్ని పరీక్షలకు కాలము పట్టును. బయట ఫిల్లరులు తట్టలతో కాచుకొనియుందురు, పైవారు టబ్బుల లెక్క అడుగుచుందురు. ఇది ఎరిగియే నిబంధనకర్తలు ఒక తెలివైన పని చేసిరి. రాలిన బొగ్గు పరిమాణమునుబట్టి కూలి పుచ్చుకొనువానిని షాట్‌ఫైరరుగా నియమింపరాదనిరి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలోని అంశములలో నేను మిక్కిలి గౌరవించునది ఇదియే. వాటి స్థానమున 2017లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. కొలుచువానికి తూకముతో లాభము లేకుండ చేసినగాని కొలత నిలువదు. ధాన్యము కొలుచు కుంచమునకు ఎవరి బొటనవ్రేలు ఎచట నుండునో మన పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంత చేసియు ఒకప్పుడు తూటా పేలక ఊరకుండవచ్చును. అట్టి రంధ్రమును త్రవ్వి మందు తీయుటకు పూనుకొనరాదు. విద్యుత్తీగలను విడదీసి, నియమిత కాలము ఆగి, దానికి సమాంతరముగా కనీసము 30 సెంటీమీటర్ల దూరమున వేరు రంధ్రము చేసి పేల్చవలెను. తరువాత రాలిన బొగ్గును జాగ్రత్తగా వెదకవలెను. పాత రంధ్రముల అడుగున మిగిలిన గుంటలలో మందు ముక్కయుండు ననుమానముతో, వాటిని మరల లోతు చేయరాదనియు నియమము కలదు.

ఈ వెదకుటలో కన్నుగప్పి పోయిన వస్తువు బొగ్గుతోపాటు పైకి రావచ్చును. గనుల చుట్టు గ్రామములలో బొగ్గును పొయ్యిలోనికి కొట్టుకొనునప్పుడు, చిటికెనవ్రేలికంటె సన్నని రాగి గొట్టము, దానినుండి రెండు రంగు తీగలు వ్రేలాడుచు కనబడినచో అది డిటొనేటరు. మెరయుచున్నదని పిల్లలు తీగలను లాగుదురు, రాతితో కొట్టుదురు, బ్యాటరీకి తగిలింతురు. చేతివ్రేళ్లను ఊడగొట్టుటకు అందులోని మందు చాలును. దానిని ముట్టక, ఆ చోటికి పిల్లలను పశువులను పోనీయక, దగ్గరి గని కార్యాలయమునకో పోలీసు ఠాణాకో కబురు పంపవలెను. వారు వచ్చువరకు ఒక పెద్దమనిషి దూరమున కూర్చుండి కావలి కాయవలెను.