కాలి సిర మూసేస్తే కాలు పడిపోతుందా?

పదో తరగతిలో రక్తప్రసరణ పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. "మాస్టారూ, కాలి నరాన్ని లోపల్లోపలే కాల్చి మూసేస్తారట గదా! మూసేస్తే మా అమ్మ కాలు పడిపోదా?" అని అడిగాడు.

వాళ్ళమ్మ టిఫిను బండి నడుపుతుంది. తెల్లవారుజాము నాలుగింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడే వుంటుంది. కాలి మీద మెలికలు తిరిగిన ఉబ్బులు లేచాయి. చీలమండ దగ్గర పుండు పడి అయిదు నెలలయింది. ఏ పూత పూసినా మానడం లేదు. డాక్టరు చెప్పిన వైద్యానికి ఆమె ఒప్పుకోవడం లేదు. ఆమెను భయపెడుతున్నది ఒక్క మాట: నరం.

చేతుల మీదా కాళ్ళ మీదా నీలంగా కనబడే గొట్టాలను మనం నరాలు అనేస్తాం. సెలైను ఎక్కించబోతూ "నరం దొరకడం లేదు" అంటారు చూడండి, అప్పుడు వెతికేది కూడా నరాన్ని కాదు, సిరను! నరం మెదడుకూ శరీరానికీ మధ్య వార్తలు మోసే తీగ వంటిది. అది తెగితే కాలు కదలకపోవచ్చు, స్పర్శ పోవచ్చు. సిర అలా కాదు. అది రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టం మాత్రమే. కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నను మనం ఇలా మార్చుకోవాలి: రక్తం మోసే గొట్టాన్ని మూసేస్తే రక్తం ఎటు పోతుంది?

నాగార్జునసాగర్ కుడికాలువలో నీరు పల్లానికి దానంతటదే పారుతుంది. కాలిలోని రక్తానికి ఆ సుఖం లేదు. చీలమండ నుంచి గుండెకు మీటరుకు పైగా ఎత్తు ఎక్కాలి. ఎక్కించే మోటారు ఏదంటే, మన పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి, లోపలి సిరలను పిండి, రక్తాన్ని పైకి తోస్తుంది. కండరం వదులైనప్పుడు రక్తం మళ్ళీ కిందికి జారిపోవాలి గదా? జారదు. సిరల్లో అక్కడక్కడ రెండేసి పలుచని రేకులతో కవాటాలు వుంటాయి. అవి పైకి మాత్రమే తెరుచుకుంటాయి.

బావి మోటారు పైపు అడుగున వుండే ఫుట్‌వాల్వు మీరు చూసే వుంటారు. అది బాగున్నంత కాలం మోటారు ఆపినా పైపులో నీళ్ళు నిలిచి వుంటాయి. అది కారిందా, నీళ్ళన్నీ తిరిగి బావిలోకే! సిరలో జరిగేదీ అంతే. గోడ సాగి వెడల్పయితే రెండు రేకులూ ఒకదానినొకటి అందుకోలేవు. సందులోంచి రక్తం వెనక్కి కారుతుంది. ఆ బరువు కింది కవాటం మీద పడి, కొన్నాళ్ళకు అదీ చెడుతుంది. తలిదండ్రుల నుంచి వచ్చిన లక్షణం, గంటల తరబడి నిలబడే పని, గర్భధారణ, స్థూలకాయం, వయసు – ఇవి కారణాలు. బడిపంతుళ్ళం మేమూ ఈ జాబితాలో వున్నాం లెండి.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరస మట్టం వుంటుంది. నడవడం మొదలుపెడితే అది 30కి, అంతకన్నా కిందికి పడిపోతుంది. కవాటాలు చెడినవారికి నడిచినా అంతగా తగ్గదు. అప్పుడు సన్నని రక్తనాళాల్లోంచి ద్రవం, ఎర్రకణాలు బయటికి ఊరుతాయి. ఆ కణాల్లోని ఇనుము వల్లనే చర్మం గోధుమరంగుకు తిరుగుతుంది. దురద పుడుతుంది, చివరకు పుండు పడుతుంది. పీడనం తగ్గించకుండా పైపైన మందు రాస్తే ఎలా మానుతుంది?

కవాటాల పని కళ్ళారా చూడాలంటే మీ తాతగారి చెయ్యి అడగండి. మోచేతి పైన గుడ్డ కాస్త బిగించి కట్టండి, ఒక్క నిమిషమే సుమా! సిరలు ఉబ్బి, వాటిలో కణుపులు కనబడతాయి. అవే కవాటాలున్న చోట్లు. సిర మీద ఒక చోట వేలితో నొక్కి పట్టుకోండి. రెండో వేలితో అక్కణ్ణించి రక్తాన్ని పై కణుపు దాటేదాకా తోసి, ఆ రెండో వేలు తీసేయండి. మధ్య భాగం ఖాళీగానే వుంటుంది! మొదటి వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. 1628లో విలియం హార్వే తన పుస్తకంలో బొమ్మలు వేసి చూపించిన ప్రయోగం ఇదే.

ఇక అసలు ప్రశ్న. కాలి రక్తంలో పదింట తొమ్మిది వంతులు కండరాల నడుమ వున్న లోపలి సిరల గుండానే పోతుంది. చర్మం కింది పెద్ద సిర మోసేది కొద్ది భాగం. అది చెడితే ఆ కాస్తా మోయకపోగా, పైకెక్కిన రక్తాన్ని కిందికి దింపుతుంది. దాన్ని మూస్తే రక్తం మంచి సిరల దారి పడుతుంది. ఇందుకు గట్టి రుజువు గుండె వైద్యులే ఇచ్చారు. 1967లో అమెరికాలో ఫావలోరో అనే వైద్యుడు ఈ కాలి సిర ముక్కనే తీసి, గుండె ధమనిలోని అడ్డంకిని దాటించడానికి వాడాడు. ఆ తరవాత ప్రపంచమంతటా ఎందరి కాళ్ళ నుంచో ఈ సిర తీశారు. వారంతా నడుస్తూనే వున్నారు.

ఇదివరకు చెడిన సిరను గజ్జల దగ్గర కోసి, తీగ దూర్చి లాగేసేవారు. 1990ల చివర నుంచి పద్ధతి మారింది. సూది పెట్టినంత రంధ్రంలోంచి సన్నని గొట్టం పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైను నింపుతారు. ఆ నీరే చుట్టుపక్కల కణజాలాన్ని వేడి నుంచి కాపాడుతుంది. రేడియో తరంగాల పద్ధతిలో గొట్టం కొసన వున్న ఏడు సెంటీమీటర్ల భాగం 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. ఒక్కో చోట 20 సెకన్లు వుంచి, కిందికి జరుపుతూ వస్తారు. సిర గోడ ముడుచుకుని మూసుకుపోతుంది. లేసరు కిరణంతోనూ ఇదే పని చేస్తారు. మోకాలి కింద మాత్రం ఈ సిరను ఆనుకుని నిజంగానే ఒక నరం పోతుంది! అది కాలిని కదిలించే నరం కాదు, స్పర్శ తెలిపేది. వేడి దానికి తగిలితే కొంత తిమ్మిరి రావచ్చు. అందుకే అక్కడ మరింత జాగ్రత్త.

వేడి లేని మార్గాలూ వున్నాయి. రెండు సిరంజీలను కలిపి, మందునూ గాలినీ అటూ ఇటూ తోస్తే నురగ వస్తుంది. దాన్ని సిరలోకి ఎక్కిస్తే లోపలి పొర దెబ్బతిని సిర మూసుకుంటుంది. మరొకటి జిగురు. విరిగిన బొమ్మలు క్షణంలో అతికించే జిగురు వుంది చూడండి, ఆ రసాయన కుటుంబానిదే, వైద్యానికని వేరుగా తయారుచేసింది. వీటిలో ఏది చేసినా చాలామంది ఆ రోజే నడిచి ఇంటికి పోతారు. కొన్నేళ్ళకు వేరే సిర చెడే అవకాశం మాత్రం వుంది.

అయితే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయి వుంటే, పై సిరే ఆధారం కావచ్చు. అప్పుడు దాన్ని మూయడం ప్రమాదం. అందుకని డాప్లర్ యంత్రంతో చూస్తారు. దగ్గరకొచ్చే రైలు కూత, దూరమయ్యే రైలు కూత వేరుగా వినబడతాయి గదా, ఆ సూత్రమే. ఇక్కడ ధ్వని తిరిగి వచ్చేది కదిలే ఎర్రకణాల మీద తగిలి.

ఆ అబ్బాయి తరగతిలో విన్నదంతా ఇంట్లో చెప్పి, వాళ్ళమ్మను గుంటూరు తీసుకెళ్ళాడు. మర్నాడు బడికి వస్తూనే నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. "లోపలి సిరలు బాగున్నాయన్నారు మాస్టారూ! పిక్క నొక్కితే తెర మీద సిర నీలంగా వెలిగింది. వదలగానే ఎర్రగా మారింది. రక్తం వెనక్కి రావడం అమ్మ కూడా చూసింది!" అన్నాడు.