స్నోబోర్డింగ్: పతకాలకు అందని శైలి

2022 ఫిబ్రవరి 11. బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో పురుషుల స్నోబోర్డ్ హాఫ్‌పైప్ ఫైనల్. జపాన్ ఆటగాడు అయుము హిరానో తన రెండో ప్రయత్నంలో ‘ట్రిపుల్ కార్క్ 1440’తో సహా విన్యాసాలన్నీ తడబడకుండా పూర్తిచేశాడు. ట్రిపుల్ కార్క్ 1440 అంటే గాలిలో నాలుగు పూర్తి చుట్లు తిరుగుతూ మూడుసార్లు తలకిందులవడం. జడ్జీలు ఇచ్చింది 91.75. ఆస్ట్రేలియా ఆటగాడు స్కాటీ జేమ్స్‌కు అప్పటికే 92.50 ఉన్నాయి. ప్రేక్షకులు, వ్యాఖ్యాతలు మండిపడ్డారు. మూడో ప్రయత్నంలో హిరానో అవే విన్యాసాలు మళ్లీ చేశాడు. ఈసారి 96 పాయింట్లు, స్వర్ణం.

రెండు ప్రయత్నాలకూ ఇంత తేడా ఎందుకొచ్చింది?

పరుగు పందెంలో గడియారం తీర్పు చెబుతుంది. హాఫ్‌పైప్‌లో మనుషులు చెప్పాలి. ఎగిరిన ఎత్తు, విన్యాసాల కష్టం, వైవిధ్యం, చేసిన తీరు అన్నీ కలిపి మొత్తంగా కలిగిన అభిప్రాయానికి నూటికి ఇన్నని మార్కులు వేస్తారు. ఇందులో చుట్లను లెక్కపెట్టవచ్చు. శైలిని లెక్కపెట్టడమే కష్టం.

శైలి అంటే ఏమిటో ‘మెథడ్’ అనే పాత విన్యాసంలో తేలిగ్గా తెలుస్తుంది. గాల్లోకి లేచి, మోకాళ్లు వంచి, ముందు చేత్తో మడమల వైపు అంచును పట్టుకుని బోర్డును వెనక్కి లాగుతారు. తిరగాల్సిన పని కూడా లేదు. కానీ ఎంతసేపు పట్టుకున్నారు, నడుము ఎలా వంచారు, ఎంత నింపాదిగా నేలకు దిగారు అన్నదాన్నిబట్టి, ముఖం కనపడకపోయినా ఆ ఆటగాడు ఎవరో అభిమానులు పోల్చుకుంటారు. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడినట్టే ఇది కూడా.

అందుకే ఈ ఆటలో పలుకుబడికి పతకాలు కొలమానం కావు. అమెరికాకు చెందిన క్రెయిగ్ కెల్లీ నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. మంచి ఊపులో ఉండగానే పోటీలు వదిలేసి కొండల్లోని సహజమైన మంచును వెతుక్కుంటూ వెళ్లాడు. స్పాన్సర్ల కోసం పోటీల్లోనే ఉండనక్కర్లేదని, వీడియోలు, ఫొటోలతోనూ వృత్తిలో నిలబడవచ్చని తర్వాతి తరానికి చూపించాడు. 2003లో కెనడాలో హిమపాతం విరుచుకుపడి మరణించాడు.

నార్వేకు చెందిన టెర్యే హాకన్సన్ ఇంకో అడుగు ముందుకేశాడు. స్నోబోర్డింగ్‌ను తొలిసారి చేర్చిన 1998 నగానో ఒలింపిక్స్‌ను, అప్పట్లో మేటి ఆటగాడైన ఆయనే బహిష్కరించాడు. ఆట పగ్గాలను స్నోబోర్డర్ల సొంత సమాఖ్యకు కాకుండా స్కీయింగ్ సమాఖ్యకు అప్పగించడమే ఆయన అభ్యంతరం. ఒలింపిక్ పతకం లేకపోయినా, ఈ ఆటలో అత్యుత్తములు ఎవరన్న చర్చ ఆయన పేరు లేకుండా సాగదు.

అయితే ఆ బహిష్కరణ ఒలింపిక్స్‌ను ఆపలేదు. పతకంతో ప్రచారం, డబ్బు వచ్చాయి. వాటితోపాటే చుట్ల సంఖ్య, గాయాల ముప్పు కూడా పెరిగాయి. లెక్కకు అందేదానికే మార్కులు పడతాయనుకుంటే కుర్రాళ్లు దాన్నే సాధన చేస్తారు. హిరానో విషయంలో జనం అడిగింది కష్టానికి తగిన విలువ. కెల్లీ, హాకన్సన్‌లను తలచుకునేవాళ్లు అడిగేది అందానికి తగిన చోటు. ఈ రెండింటినీ ఒకే అంకెలో ఇమడ్చాల్సి రావడమే ఆ జడ్జీల అసలు కష్టం.